క్యూ గార్డెన్స్ కేసు: చూసినవాళ్లు ఎందుకు కదల్లేదు, కదిలినవాళ్లు ఎలా కదిలారు

1964 మార్చి 13, శుక్రవారం, వేకువన మూడుంపావు. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతం, క్యూ గార్డెన్స్. రైల్వే స్టేషన్ పక్కన కారు ఆపి దిగింది కిట్టీ జెనోవీస్. వయసు 28. ఒక బార్‌లో మేనేజరు, పని ముగించుకుని ఇంటికి వస్తోంది. అక్కడి నుంచి ఇంటి గుమ్మం సుమారు ముప్పై మీటర్లు. ఆమె కారును వెంబడించి వచ్చిన విన్‌స్టన్ మోస్లీ ఆస్టిన్ స్ట్రీట్‌లో దుకాణాల ముందే వీపులో రెండు పోట్లు పొడిచాడు. ఆమె అరిచింది. ఎదురుగా ఉన్న పెద్ద అపార్ట్‌మెంట్ పైఅంతస్తు కిటికీలోంచి ఒకాయన ఆ పిల్లను వదిలెయ్యమని గట్టిగా కేక వేశాడు. మోస్లీ పరుగెత్తి వెళ్లి కారు అక్కడి నుంచి తీశాడు. ఆమె లేచింది, తూలుతూ భవనం పక్కగా తిరిగి వెనక వైపున్న మెట్ల గది దాకా వెళ్లి పడిపోయింది. దాదాపు పది నిమిషాలకు మోస్లీ తిరిగొచ్చి, వెతికి, ఆ మెట్ల గదిలోనే మళ్లీ దాడి చేశాడు. మొత్తం అరగంట వ్యవహారం. పోలీసులకు కబురు అందాక వాళ్లు నిమిషాల్లో వచ్చారు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

రెండు వారాల తర్వాత, మార్చి 27న, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చిన వార్త ఈ హత్యను ప్రపంచానికి మరోలా చెప్పింది. శీర్షికలో 37 మంది, లోపల 38 మంది. వాళ్లంతా గౌరవనీయులైన పౌరులని, అరగంట పాటు కిటికీల్లోంచి చూస్తూ ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని రాశారు. మూడుసార్లు దాడి జరిగిందని కూడా రాశారు. జరిగింది రెండుసార్లు. ఆ 38 అన్న అంకె అప్పటి నుంచి సైకాలజీ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. 2007లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు కోర్టు రికార్డులు తిరగేసి, 38 మంది చూస్తూ కూర్చున్నారన్నదానికి ఆధారం లేదని తేల్చారు. మోస్లీ 2016లో జైల్లో చనిపోయినప్పుడు ఆ పత్రిక కూడా తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

అయినా ఈ కేసునే తీసుకోవాలి. ఆ అబద్ధపు అంకె పక్కన పెట్టి, ఎవరెవరు ఏం చూశారు, ఏం విన్నారు, ఏం చేశారు అని ఒక్కొక్కరినీ విడదీసి చూస్తే, మన ఊళ్లో రోడ్డు మీద ఒకడు పడి ఉన్నప్పుడు చుట్టూ మూగే జనంలో ఎన్ని రకాల మనుషులుంటారో అన్ని రకాలవాళ్లూ అక్కడ కనబడతారు.

సాక్షులను విడదీయడం

"చూసినవాళ్లు" అని అందర్నీ ఒకే మూటలో కట్టడం ఇలాంటి విశ్లేషణల్లో అందరూ చేసే మొదటి తప్పు. క్యూ గార్డెన్స్‌లో కనీసం నాలుగు రకాల వాళ్లున్నారు.

చాలామంది విన్నవాళ్లు మాత్రమే. మార్చి చలి, కిటికీలు మూసి ఉన్నాయి, గాఢనిద్ర వేళ. కేక వినబడి లేచేసరికి ఏమీ కనబడదు. దగ్గర్లో ఒక బార్ ఉండటంతో రాత్రిళ్లు తాగినవాళ్ల రచ్చ ఆ వీధికి కొత్తకాదు. మొగుడూ పెళ్లాల గొడవో, ప్రేమికుల తగాదానో అనుకున్నవాళ్లున్నారు. రెండో దాడి భవనం వెనక, మెట్ల గదిలో జరిగింది. ముందువైపు కిటికీల్లోంచి అది కనబడే వీలే లేదు. పైగా ఊపిరితిత్తుల్లోకి దిగిన పోట్లతో మనిషి గట్టిగా అరవలేదు. అందుకే రెండో విడతలో కేకలు పెద్దగా వినబడలేదు.

రెండో రకం, కొంత చూసి కొంత చేసినవాళ్లు. కేక వేసినాయన ఇక్కడికే వస్తాడు. ఆయన అరుపుకి హంతకుడు పారిపోయాడు, అది చిన్న విషయం కాదు. కానీ ఆమె లేచి నడవడం చూడగానే కథ అయిపోయిందనుకున్నాడు. మొదటి దాడి తర్వాత తన తండ్రి పోలీసులకు ఫోన్ చేసి, ఒకావిడను కొట్టారు, తూలుతూ వెళ్తోందని చెప్పాడని మరో కుటుంబంలోని కొడుకు తర్వాత ప్రమాణపత్రంలో చెప్పాడు. పోలీసు రికార్డులో ఆ కాల్ లేదు.

మూడో రకం వాళ్లు ఇద్దరే. వాళ్లకు అనుమానానికి తావు లేదు. ఎదుటి భవనంలో పనిచేసే ఒకాయన పొడవడం కళ్లారా చూసి, లిఫ్ట్‌లో కిందకు దిగి తన గదికి వెళ్లి పడుకున్నాడు. రెండో ఆయన సంగతి ఇంకా బాధాకరం. రెండో దాడి జరిగిన మెట్ల పైనే ఆయన ఇల్లు. తలుపు తీశాడు, చూశాడు, మూశాడు. స్నేహితుడికి ఫోన్ చేస్తే అందులో తలదూర్చొద్దని సలహా వచ్చింది. ఆ తర్వాత పక్కింటికి వెళ్లాడు. అక్కడి నుంచి పోలీసులకు ఫోన్ వెళ్లింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

నాలుగో రకం ఒక్కతే. పొరుగు ఫ్లాటావిడ. ఫోన్ రాగానే, హంతకుడు ఇంకా ఆ మెట్ల దగ్గరే ఉన్నాడో లేదో తెలియకుండానే కిందకు పరుగెత్తింది. రక్తపు మడుగులో ఉన్న జెనోవీస్‌ను అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. 1964 నాటి ఆ వార్తలో ఆమె పేరు గానీ, ఆమె చేసిన పని గానీ లేవు. ఎవరూ కదల్లేదన్న కథలో ఆమెకు చోటు దొరకలేదు, అంతే.

మరో సంగతి ఈ కేసులో తరచుగా మరుగున పడుతుంది. హత్య జరిగిన వారంలోపే మోస్లీ పట్టుబడ్డాడు. ఒక ఇంట్లో టీవీ దొంగిలిస్తుంటే ఇరుగుపొరుగు అనుమానించి, ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, మరొకరు అతని కారు కదలకుండా చేశారు. అదే నగరం, అలాంటి మనుషులే. పట్టపగలు, వస్తువులు మోస్తున్న అపరిచితుడు, పక్కవాడిని అడిగి తేల్చుకునే వీలు. అంత మాత్రం తేడా ఉంటే మనుషులు కదిలారు.

ఫోన్ సంగతి

1964లో న్యూయార్క్‌లో అత్యవసరానికంటూ ఒకే నంబరు లేదు. ఆపరేటర్‌నో, స్థానిక పోలీస్ స్టేషన్‌నో పట్టుకోవాలి. అమెరికాలో మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరిలో అలబామాలో జరిగింది, న్యూయార్క్‌కు అదే ఏడాది ఆ నంబరు వచ్చింది. "ఎందుకు ఫోన్ చేయలేదు" అని నిలదీసేటప్పుడు ఎవరికి, ఏ నంబరుకి, ఎన్ని ప్రశ్నలు దాటి అన్నది కూడా అడగాలి. సహాయం చేయడానికి దారి ఎంత ఇరుకైతే ఆగిపోయేవాళ్లు అంత ఎక్కువ. మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలయ్యాక వచ్చిన మార్పు ఇదే కోవలోది. జనం మనసులు మారాయని కాదు, నొక్కాల్సిన మూడంకెలు పసిపిల్లలకు కూడా తెలిశాయి.

ప్రయోగశాలలో తేలింది

ఈ కేసు చదివి బిబ్ లతానే, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు మనుషులు చెడిపోయారనే మాట పక్కన పెట్టి, ఎక్కువమంది ఉండటమే అడ్డం అవుతుందేమో అని అనుమానించారు. 1968 నాటి వాళ్ల ప్రయోగాన్ని కొంచెం నిదానంగా చూడాలి. గుణం గురించి అసలు సాక్ష్యం అందులోనే ఉంది.

కాలేజీ విద్యార్థులను ఒక్కొక్కరిని ఒక్కో గదిలో కూర్చోబెట్టి, ఇంటర్‌కామ్‌లో మాట్లాడమన్నారు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. మొదట మాట్లాడిన కుర్రాడు తనకు అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయని చెప్పాడు. రెండో విడతలో మాట తడబడింది, సహాయం అడిగాడు, గొంతు బిగుసుకుపోయింది. ఇది ముందే రికార్డు చేసిన గొంతు, విద్యార్థికి తెలియదు. తానూ ఆ కుర్రాడూ ఇద్దరమే ఉన్నామని అనుకున్నవాళ్లలో 85 శాతం ఫిట్స్ ముగిసేలోపే లేచి చెప్పారు, సగటున 52 సెకన్లలో. మూడో మనిషి కూడా ఉన్నాడనుకున్నవాళ్లలో 62 శాతం, 93 సెకన్లు. ఆరుగురున్నామని అనుకున్నవాళ్లలో 31 శాతమే, 166 సెకన్లు పట్టింది. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఎప్పుడో అన్నారు. కర్ర చేతిలో ఉన్న ప్రతివాడూ పక్కవాడు కొడతాడనుకుంటాడు. ఈ ప్రయోగం ఆ పాము ఎన్ని సెకన్లు బతికిపోతుందో కొలిచింది.

ఇంతకన్నా ముఖ్యమైనవి రెండున్నాయి. అందులో పాల్గొన్నవాళ్లకు అధికారతత్వం, కుటిలత్వం, సామాజిక బాధ్యత వంటి గుణాల మీద ప్రశ్నపత్రాలు ఇచ్చారు. ఎవరు త్వరగా లేచారన్నదానికీ ఆ మార్కులకూ పొంతన కుదరలేదు. రెండోది, కదలనివాళ్ల తీరు. వాళ్లు నిర్లక్ష్యంగా కూర్చోలేదు. ప్రయోగకర్త గదిలోకి రాగానే, అతనికి ఎలా ఉంది, ఎవరైనా చూసుకుంటున్నారా అని అడిగారు. చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమర్చాయి. చూడబోతే లేచి చెప్పినవాళ్లకన్నా వీళ్లే ఎక్కువ కలవరపడ్డారు. పట్టనితనం ఇలా ఉండదు. లేవాలా వద్దా అన్న రెండు భయాల మధ్య చిక్కి, నిర్ణయం తీసుకోకుండానే సమయం గడిచిపోయిన మనిషి ఇలా ఉంటాడు.

పొగ ప్రయోగం ఇంకో కోణం చూపించింది. గదిలో ఒంటరిగా ఫారం నింపుతుండగా గోడ సందులోంచి పొగ వస్తే 75 శాతం వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు నటిస్తుంటే 10 శాతమే. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ, చేత్తో పొగ విసురుకుంటూ రాసుకుంటూ కూర్చున్నారు. తర్వాత అడిగితే ఏసీ నుంచి వచ్చిన ఆవిరి అనుకున్నామన్నారు. ఇది బాధ్యత పంచుకోవడం కాదు, పక్కవాడి మొహం చూసి అపాయాన్ని కొలవడం. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, నలుగురూ లోపల బెదురుతూ, నలుగురూ పైకి నిమ్మళంగా కనబడతారు. ఆ నిమ్మళాన్ని చూసి "ఏం లేదులే" అనుకుంటారు.

జెనోవీస్ కేకలను మొగుడూ పెళ్లాల గొడవగా తీసుకున్నవాళ్ల సంగతి 1976లో షాట్‌ల్యాండ్, స్ట్రా చేసిన ప్రయోగంలో తేలింది. మగవాడు ఆడమనిషి మీద పడుతున్నట్టు నాటకం ఆడారు. ఆమె "నువ్వెవరో నాకు తెలీదు" అని అరిస్తే చూసినవాళ్లలో 65 శాతం జోక్యం చేసుకున్నారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిస్తే 19 శాతం. ఒక్క వాక్యం తేడా. మన దగ్గర ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చేవాళ్లు దెబ్బలు నేర్పేముందు ఈ వాక్యం నేర్పాలి. "ఎవర్నువ్వు? నువ్వెవరో నాకు తెలీదు! వీణ్ని పట్టుకోండి!" అని గట్టిగా, పదేపదే. ఇంటివాడే కొడుతున్నప్పుడు ఈ వాక్యం పనికిరాదు. అక్కడ మారాల్సింది "ఎవరింటి గొడవ వాళ్లది" అనే చుట్టుపక్కలవాళ్ల అలవాటు. తలుపు కొట్టి, పంచదార అడిగినా సరే, లోపలి దెబ్బలకు ఆ కాసేపు అడ్డుకట్ట పడుతుంది.

లెక్క తప్పే చోట్లు

ఎక్కువమంది ఉంటే ఎవరూ కదలరని దీన్ని సూత్రంగా పట్టుకుంటే పొరపాటే. 1969లో న్యూయార్క్ సబ్‌వే రైల్లో ఒక మనిషి కుప్పకూలినట్టు నటించిన ప్రయోగంలో, చేతికర్ర ఉన్నప్పుడు 65 సార్లలో 62 సార్లు ఎవరో ఒకరు తమంతట తామే లేచారు. తాగిన వాసన, సంచిలో సీసా ఉన్నప్పుడు 38లో 19 సార్లే. జనం నిండిన పెట్టెలోనే ఇది జరిగింది. తప్పించుకుపోయే దారి లేదు, మనిషి కళ్లెదుటే ఉన్నాడు, అనుమానం లేదు. 2019లో ఆమ్‌స్టర్‌డామ్, కేప్ టౌన్, లాంకాస్టర్ నగరాల వీధి కెమెరాల్లో పడిన 219 గొడవలు పరిశీలిస్తే 91 శాతం సందర్భాల్లో కనీసం ఒకరు అడ్డుపడ్డారు. జనం ఎక్కువైన కొద్దీ ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరిగింది.

రెండూ నిజమే. ప్రయోగాలు ఒక్కో మనిషి కదులుతాడా అని అడుగుతాయి, కెమెరాలు ఎవరో ఒకరు కదిలారా అని చూస్తాయి. పైగా అపాయం కళ్లకు కట్టినట్టు ఉంటే మొహాలు చూసుకునే పని తగ్గుతుంది. అందుకే అందరి ముందు కత్తి తీసిన గొడవలో సాయం దొరకవచ్చు, అదే వీధిలో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నట్టు పడి ఉన్న గుండెపోటు మనిషికి దొరకకపోవచ్చు. రెండోవాడి దగ్గర ఆగి భుజం తట్టినవాడే ఎక్కువ అరుదు.

మరి గుణం ఎక్కడుంది?

1973లో ప్రిన్స్‌టన్ సెమినరీలో పాదిరీలు కాబోయే విద్యార్థులను ఒక భవనం నుంచి మరో భవనానికి పంపారు. దారిలో ఒకడు తలవంచుకుని దగ్గుతూ కూలబడి ఉన్నాడు. కొందరికి దారినపోయే దయగలవాడి గురించి బైబిల్‌లో ఉన్న కథ మీదే ప్రసంగించమని చెప్పారు. ఆ ప్రసంగ విషయం పెద్దగా తేడా తేలేదు. తేడా తెచ్చింది తొందర. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం సాయం చేశారు, మామూలు తొందరలో 45 శాతం, ఆలస్యమైందని చెప్పిపంపితే 10 శాతం.

ఇది చదివి గుణం అనేదే లేదు, అంతా పరిస్థితే అని తీర్పిచ్చినవాళ్లున్నారు. క్యూ గార్డెన్స్ సాక్షులను విడదీసి చూశాక ఆ తీర్పుతో ఏకీభవించలేం. సహాయం అనే దారిలో వరుసగా కొన్ని గడపలుంటాయి. గమనించాలి. అపాయమని అర్థం చేసుకోవాలి. ఇది నా పని అనుకోవాలి. ఏం చేయాలో తెలియాలి. అప్పుడు చేయాలి. మొదటి రెండు గడపల దగ్గర ఆగినవాడి గుణం గురించి మనకేమీ తెలియదు. నిద్రమత్తులో కేక విని, కిటికీలోంచి చూసి, ఏమీ కనబడక పడుకున్న మనిషిని హంతకుడి పక్కన నిలబెట్టడం అన్యాయం. ప్రిన్స్‌టన్‌లో గడియారం చూసుకుంటూ దాటిపోయినవాళ్లలో కొందరు ఆ మనిషిని సరిగా చూడనే లేదు.

తలుపు తీసి, చూసి, మూసినాయన సంగతి వేరు. ఆయన గమనించాడు, అర్థమైంది, ఆ మెట్ల మీద ఆ క్షణాన తాను తప్ప మరెవరూ లేరు, ఇంట్లో ఫోన్ ఉంది. పదిమందిలో పాము సూత్రం ఆయనకు వర్తించదు. భయం మాత్రం వర్తిస్తుంది, ఆ భయం చాలా పెద్దది కూడా. కత్తి పట్టినవాడి మీదకు ఆయన దూకాల్సిందని ఎవరూ అనరు. కానీ తలుపు మూసి గడియ వేశాక ఫోన్ చేయడానికి భయం అడ్డం కాదు. ఆయన చేసిన మొదటి ఫోన్ సలహా కోసం వెళ్లింది. అక్కడే గుణం బయటపడింది. మొదటి క్షణంలో బెదిరిపోవడం ఒంటి లక్షణం. రెండో నిమిషంలో ఆ బెదురుతో ఏం చేశామన్నది మన లక్షణం. కిందకు పరుగెత్తినావిడకు భయం లేదనుకోనక్కర్లేదు. ఎవరో చేస్తారులే అని ఆగకపోవడం ఆ రాత్రి ఆమెకు అప్పుడే పుట్టిన ధైర్యం కాకపోవచ్చు, పొరుగువాళ్లు పిలిస్తే వెళ్లడం ఆమెకు ముందే ఉన్న అలవాటు కావచ్చు. గుణం అనేది చాలావరకు ముందే కుదుర్చుకున్న అలవాటు. అందుకే దాన్ని నేర్పవచ్చు.

నేర్పవచ్చనడానికి ఆధారం ఉంది. 1978లో బీమన్ బృందం, ఈ పరిశోధనల గురించి పాఠం విన్న విద్యార్థులను రెండు వారాల తర్వాత, పాఠంతో సంబంధం లేనట్టు కనిపించే చోట పరీక్షించింది. పాఠం విన్నవాళ్లలో 43 శాతం, విననివాళ్లలో 25 శాతం ఆగారు. 1975లో బీచ్‌లో చేసిన మరో ప్రయోగంలో "నా వస్తువులు కాస్త చూస్తూ ఉంటారా" అని ఒక్క మాట అడిగి వెళ్తే, రేడియో ఎత్తుకుపోతున్న దొంగను 95 శాతం అడ్డుకున్నారు. అడగకపోతే 20 శాతం. బస్టాండులో "సంచి చూస్తుండండి బాబూ" అనే మన పెద్దవాళ్లకు ఈ కిటుకు ఎప్పటి నుంచో తెలుసు.

మన రోడ్డు మీద: ఏం తప్పుతుంది, ఏం చేయాలి

బైక్ ప్రమాదం తీసుకుందాం. పది నిమిషాల్లో పాతికమంది మూగుతారు. సగం మంది చేతుల్లో ఫోన్లు వీడియో తీస్తుంటాయి, 108కి కాల్ చేసినవాడు ఒక్కడూ ఉండడు, ప్రతివాడూ పక్కవాడు చేసే ఉంటాడనుకుంటాడు. లేదా ఐదుగురు చేస్తారు, ఐదుగురూ ఐదు చోట్ల పేర్లు చెబుతారు. ఒకరు నీళ్లు పోస్తారు. మరొకరు హెల్మెట్ లాగేస్తారు. నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కుతారు. ఇదంతా మంచి మనసుతోనే జరుగుతుంది.

గుంపును విడగొట్టేది వేలు. "ఎవరైనా 108కి చేయండి" అనే వాక్యం గాలిలో కలిసిపోతుంది. ఒక మనిషి వైపు చూసి, వేలు చూపించి, గుర్తు చెప్పి పిలవాలి. "నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి చెయ్యి. స్పీకర్ పెట్టు. చేశాక నాకు చెప్పు." "అన్నా, మీరు ఆ మలుపు దగ్గర నిలబడి వచ్చే బండ్లు ఆపండి." "అక్కా, ఈయన ఫోన్ తీసి ఇంట్లోవాళ్ల నంబరు చూడండి." ఒక పని, ఒక మనిషి, తిరిగి కబురు. చివరి ముక్క మరిచిపోవద్దు. "చేశాక చెప్పు" అనకపోతే ఫోన్ కలవని సంగతి ఐదు నిమిషాల దాకా తెలియదు. బాధితుడికి స్పృహ ఉంటే ఆయనకూ ఇదే పద్ధతి. గుంపును చూసి అరిచేకన్నా ఒకరి కళ్లలోకి చూసి "అమ్మా, మీరు సాయం చేయండి" అంటే ఆమె కదులుతుంది.

108కి చెప్పేటప్పుడు ఊరు పేరుతో సరిపెట్టొద్దు. జాతీయ రహదారి అయితే కిలోమీటరు రాయి మీది అంకె, ఏ వైపు వెళ్లే దారి, దగ్గరి టోల్‌గేటు లేదా పెట్రోల్ బంకు. ఎందరికి దెబ్బ తగిలింది, స్పృహలో ఉన్నారా, ఊపిరి ఆడుతోందా. అవతలివాళ్లు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకూడదు. జాతీయ రహదారుల మీద 1033 కూడా పనిచేస్తుంది, పోలీసు, అగ్నిమాపక సాయానికి 112.

అంబులెన్స్ వచ్చేలోపు చేసేవి కొన్నే. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. తడిసిపోతే తీయకుండా పైన మరో గుడ్డ. నీళ్లు, సోడా, టీ ఏవీ తాగించకూడదు. స్పృహ లేని మనిషి శ్వాసనాళంలోకి అవి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు కూడా కష్టం. ఊపిరికి అడ్డం కాకపోతే హెల్మెట్ తీయొద్దు, మెడ కదపొద్దు. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్టు ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పాలి. ఊపిరి అసలు లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. ఫిట్స్ వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం మానాలి. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108.

ఇక మూడో గడప దగ్గర మనవాళ్లను ఆపే మాట ఒకటుంది, "పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి". ఈ భయం ఒకప్పుడు నిరాధారం కాదు. అందుకే ఇప్పుడున్న చట్టం అక్షరాలా తెలిసి ఉండాలి. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి బాధ్యత అని చెప్పింది. 2016 మార్చి 30న సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో, సహాయం చేసినవాళ్లను రక్షించే కేంద్రం మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాదంలో మంచి ఉద్దేశంతో అత్యవసర సాయం చేసినవాడి మీద, ఆ సాయంలో పొరపాటు జరిగినా, సివిల్ గానీ క్రిమినల్ గానీ చర్య ఉండదు. 2020 నిబంధనల ప్రకారం పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు. సాక్షిగా ఉండటం మీ ఇష్టం. ఉంటానంటే మీకు వీలైన చోట, వీలైన వేళలోనే విచారించాలి. ఆస్పత్రులు ఈ హక్కుల పట్టికను గుమ్మం దగ్గర ప్రాంతీయ భాషలో కూడా పెట్టాలి. ఒక హద్దు గుర్తుంచుకోవాలి. 134ఏ రోడ్డు ప్రమాదాలకే పరిమితం.

ఆస్పత్రి బల్ల దగ్గర చెప్పాల్సింది చిన్న వాక్యం. "నేను బంధువుని కాను, దారిన పోతూ తెచ్చాను, వివరాలు ఇవ్వడం నా ఇష్టం." గొడవ పడే స్వరంతో కాదు, మామూలుగా. డబ్బు కట్టమంటే బంధువు కాదని మళ్లీ అదే చెప్పాలి.

కాలనీలో, కాలేజీలో ఎలా నేర్పాలి

ఉపన్యాసం ఒక్కటే చాలదు. ఇరవై మంది, గంటన్నర సరిపోతాయి. ముందు అరగంట పై కేసు, నాలుగు రకాల సాక్షులతో సహా. ఆ తర్వాత నటన. చెప్పకుండా ఒకరు కుప్పకూలాలి, మరో ఇద్దరికి ముందే చెప్పి పట్టించుకోకుండా నిలబడమనాలి. మొదట కదిలినవాడికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. రెండోసారి, మొదట కదిలేవాడు తప్పనిసరిగా వేలు చూపించి మూడు పనులు పంచాలి. ఇక్కడే అందరూ తడబడతారు. తెలియని పెద్దాయనను వేలు చూపించి పిలవడం మర్యాద కాదని మనవాళ్లకు అనిపిస్తుంది. ఆ బిడియమే పోగొట్టాలి, పదిసార్లయినా చేయించాలి. వేలు ఎత్తలేకపోతే అరచెయ్యి చాపి "బాబాయ్, మీరే" అనిపించాలి, ఫలితం అదే. మూడోసారి ఛాతీ నొక్కడం, దిండు మీద కాకుండా బొమ్మ మీద. 5 సెంటీమీటర్ల లోతుకు ఎంత బలం కావాలో దిండు చెప్పదు.

శిక్షణ కాక, నిజంగానే ఏదైనా జరిగి ఎవరూ కదలని సందర్భం వస్తే, మర్నాడు అక్కడున్నవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించేటప్పుడు "ఎందుకు చేయలేదు" అని అడగకూడదు. ఆ ప్రశ్నకు సంజాయిషీలే వస్తాయి. మొదట ఏం వినబడింది, ఏమనుకున్నారు, అప్పుడు ఎవరి మొహం చూశారు, ఆ మొహంలో ఏం కనబడింది, ఫోన్ చేతిలో ఉందా, ఏ నంబరు తట్టింది. ఈ వరుసలో అడిగితే ఏ గడప దగ్గర ఆగారో వాళ్లకే కనబడుతుంది. తలుపు తీసి మూసినవాడు ఆ గుంపులో ఉంటే, అతను అందరి ముందూ మాట్లాడడు. అతనితో విడిగా, తొందర లేకుండా మాట్లాడాలి.